చెవిటి మూలలో కుర్చీ

కచేరీలు రికార్డు చేసే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను మొదట అడిగేది మైకు గురించే. ఏ రకం కొనాలి, ఎంత దూరంలో పెట్టాలి, ఎటు తిప్పాలి. చెవి గురించి అడిగినవాళ్లని ఇంతవరకు చూడలేదు. ఆ వయసులో నేనూ అడగలేదు కాబట్టి వాళ్లనేమీ అనడానికి నాకు మొహం లేదు.

ఢిల్లీలో ఒక సంస్థలో ముప్పై ఏళ్లకు పైగా సౌండ్ రికార్డిస్టుగా పనిచేశాను. శాస్త్రీయ సంగీత కచేరీలను రికార్డు చేసి భద్రపరచడం మా పని. రిటైరై నాలుగేళ్లయింది, జనక్‌పురిలో ఉంటున్నాను. బాగా వచ్చిన రికార్డింగుల గురించి ఎవరూ అడగకుండానే చెబుతుంటాను, దానికి మా ఆవిడే సాక్షి. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం అడిగినా ఎవరికీ చెప్పలేదు. ఒక గాయనికి వాళ్ల నాన్న నోటి నుంచి జన్మలో ఒకే ఒక్కసారి ఒక మెచ్చుకోలు మాట వచ్చింది. నా మైకుల ముందే వచ్చింది. అది ఎక్కడా మిగలకుండా చేసింది నేనే. ఏదో పరధ్యానంలో జరిగిందనుకునేరు, ఎంతో శ్రద్ధగా చేశాను.

మైకు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పేమిటో మీకు తెలియదు. మామూలుగా పాటకు వాడే కార్డియాయిడ్ మైకు ఎదురుగా ఉన్నది వింటుంది, వెనక ఉన్నది వినదు. హైపర్‌కార్డియాయిడ్ అంతకన్నా గడుసుది. అది ఎదురుగా వినే మేర ఇంకా సన్నగా ఉంటుంది. రెండు పక్కలా, పక్కకన్నా కాస్త వెనక్కి, దానికి రెండు చెవిటి మూలలుంటాయి. ఆ మూలల్లో ఉన్న స్పీకరు ఎంత మోగినా దానికి పెద్దగా పట్టదు. నేరుగా వీపు వెనక నుంచి మాత్రం మళ్లీ కొంచెం వింటుంది. అందువల్ల ఏది వినాలో అటు తిప్పి పెడితే సగం పనే అయినట్టు. వినకూడనిదాన్ని తీసుకెళ్లి ఆ చెవిటి మూలలో పడేయడం మిగతా సగం. ఆ రెండో సగంలో నన్ను మించినవాడు లేడని ఆఫీసులో పేరుండేది.

ఢిల్లీ హాళ్లలో వినకూడనివి బోలెడు. వేదికకు రెండు పక్కలా పెట్టిన స్పీకర్లు, బయట జనరేటరు, చలికాలమైతే హీటర్ల రొద, దగ్గులు, మూడో వరసలో విప్పే చిప్స్ ప్యాకెట్టు. వీటన్నిటి మీదా నాకు పగ. ఒకసారి మా పెద్దాఫీసరు నా రికార్డింగు విని, "హాల్లో అసలు జనం ఉన్నారా?" అని అడిగారు. ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి మా ఆవిడకి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన మెచ్చుకున్నారో ఎత్తిపొడిచారో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆ కచేరీ జరిగి ఏడెనిమిదేళ్లవుతుంది. జనవరి నెల. పాడేది ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా పనిచేస్తున్న ఒకావిడ. ఆఫీసు, ఇల్లు, పిల్లల చదువు చూసుకుంటూ పాటను వదలకుండా పట్టుకున్న మనిషి. మా సంస్థ ఆవిడ కచేరీ రికార్డు చేయడం అదే మొదటిసారి. నేర్పింది వాళ్ల నాన్న. విజయనగరం వైపు మనిషి, ఆర్మీలో సుబేదారుగా రిటైరయ్యారు. కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో తెల్లవారుజామున తను పీటీకి వెళ్లేలోపు గంటసేపు కూతురికి పాఠం. ఆవిడ చదువంతా ఢిల్లీలోనే. తెలుగు బాగానే మాట్లాడుతుంది గాని చదవడం రాదు, కీర్తనల సాహిత్యం హిందీ అక్షరాల్లో రాసుకునేది.

మధ్యాహ్నం టీ తాగుతున్నప్పుడు నవ్వుతూ చెప్పింది. "నాన్న ఎప్పుడూ బాగుంది అనరు అంకుల్. తప్పు లేకపోతే 'చలో, నెక్స్ట్' అంటారు. అదే నా మెడల్."

అప్పుడు నేనూ నవ్వాను.

మైకులు సరిచూసుకోవడానికి ఆవిణ్ణి కాసేపు పాడమన్నాం. హెడ్‌ఫోన్స్ పెట్టుకునేసరికి పాటతోపాటు ఠప్ ఠప్‌మని ఒక చప్పుడు. ఏమిటా అని చూస్తే, ముందు వరసలో ఆవిడకి సరిగ్గా ఎదురుగా కూర్చుని ఆ సుబేదారుగారు తొడ మీద తాళం వేస్తున్నారు. చలికి దగ్గు కూడా. మధ్యమధ్య గొంతు సవరించుకుంటూ "ఊఁ" అని ఒక గద్దింపు. నేనప్పటికే హైపర్‌కార్డియాయిడ్ మైకులు పెట్టేశాను, పక్క స్పీకర్ల పోరు పడలేక. వాటికి వీపు వెనక కొంచెం వినబడుతుందన్నాను కదా, ఆయన సరిగ్గా అక్కడే ఉన్నారు.

కూతురు పాట ఆపి, "నాన్నా, ఆరామ్ సే. అంకుల్‌కి రికార్డింగ్‌లో పడుతోంది," అంది.

"పడితే ఏటయిపోద్ది? తాళమే కదా," అన్నారాయన.

కార్డియాయిడ్ పెట్టి ఉంటే ఆయన ఎదురుగానే కూర్చుని ఉండేవారు, స్పీకర్ల రొద కొంచెం ఎక్కువ పడేది, అంతే. కానీ నాకు అప్పటికి పంతం వచ్చేసింది. మైకు మార్చకుండా మనిషినే మారుద్దామనుకున్నాను. వేదిక పక్కన మెట్ల దగ్గర, చెవిటి మూల ఎక్కడికొస్తుందో లెక్క చూసుకుని, అక్కడ కుర్చీ వేయించాను. నాలుగు కాళ్ల దగ్గరా నేల మీద తెల్ల టేపు ముక్కలు అంటించి ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఇక్కడ కూర్చోండి సార్. అమ్మాయి మొహం బాగా కనిపిస్తుంది," అన్నాను.

నిజానికి అక్కణ్ణుంచి మొహం కనిపించదు, చెవి కనిపిస్తుంది. ఆయన టేపు వైపు చూశారు.

"మార్క్ చేసీసినారా? ఠీక్ హై. ఇంక కదల్ను," అన్నారు.

అన్నట్టే కదల్లేదు. కచేరీ అయ్యేదాకా బూట్లు రెండూ జతగా ఆ టేపు గీతకి ఆనించి కూర్చున్నారు. అన్నేళ్లు ఫౌజులో చేసిన మనిషి కదా, గుర్తు పెట్టిన చోటు నుంచి కదలకూడదని ఆయనకి బాగా తెలుసు.

నా దగ్గర అప్పట్లో ఒక అసిస్టెంటు ఉండేది. కరీంనగర్ అమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. పనిమంతురాలు, నెమ్మదస్తురాలు. తీగలు సర్దుతూ అడిగింది. "సార్, జనం దిక్కు రెండు మైకులు పెడ్దామా? రెండు చానల్లు ఖాళీగనే ఉన్నయ్."

"దగ్గులు రికార్డు చేయడానికా?" అన్నాను.

అక్కడున్న నలుగురూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వి, తీసిన రెండు మైకుల్నీ మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

కచేరీ మొదలైంది. నేను హాలు వెనక అద్దాల గదిలో, హెడ్‌ఫోన్స్‌తో. ఆ గదిలో కూర్చున్నవాడికి హాల్లో ఏం జరుగుతోందో మైకులు చెప్పినంతవరకే తెలుస్తుంది. నా మైకులు ఆ రోజు నాకు పాట, వయొలిన్, మృదంగం తప్ప ఏమీ చెప్పలేదు. ప్రాణం హాయిగా ఉంది.

అసలు కీర్తన కాంభోజిలో. అందులో ఒక పాదం తీసుకుని నెరవల్ పాడుతోంది, అంటే ఆ ఒక్క పాదాన్నే తిప్పి తిప్పి రకరకాలుగా. కింద నుంచి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి వెళ్లింది. పై షడ్జం మీద కాసేపు నిలిచి, అక్కణ్ణుంచి ఒక పొడుగాటి సంగతితో కిందకి దిగి సరిగ్గా తాళం ఎత్తుగడకు వచ్చి వాలింది. నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ తర్వాత ఎత్తుకోవాల్సిన పాదం ఎత్తుకోలేదు. గొంతు రాలేదు. మృదంగం వాయిస్తూనే ఉంది, వయొలిన్ ఆయన తెలివైనవాడు, ఆ ఖాళీని మెల్లగా నింపాడు. ఒక ఆవర్తనం అలా గడిచాక, తాళం తిరిగి మొదటికొచ్చినప్పుడు ఆవిడ అందుకుంది. సాహిత్యం మరిచిపోయినట్టుంది పాపం అనుకున్నాను. కాగితం మీద టైము రాసుకుని పక్కన సున్నా చుట్టాను.

కచేరీ అయ్యాక ఆ కరీంనగర్ అమ్మాయి వచ్చింది. "సార్, కాంభోజిల మేడమ్ ఆగింది చూసిన్రా? వాళ్ల నాయిన ఏమో అన్నరు. చుట్టుపక్కలోళ్లంత ఆయన దిక్కు తిరిగి చూసిన్రు."

"ఏమన్నారు?"

"నాకు సాఫ్ వినిపియ్యలే సార్. నేను మెట్లకు అవుతల దిక్కున్న."

"దగ్గి ఉంటారు," అన్నాను.

తర్వాతి వారం ఎడిటింగుకు కూర్చున్నాను. మృదంగం ఎడమ పక్కన పెట్టిన మైకు ఒక్కటి మాత్రం మెట్ల వైపు చూస్తూ ఉండటంతో దాంట్లో దగ్గు సన్నగా పడింది. పాట ఆగిన చోటల్లా ఆ ట్రాకు మూసేశాను. ప్రతి చోటా విని చూసి మూశానా అంటే, లేదు. తెర మీద శబ్దం గీత చూసి మూసుకుంటూ పోయాను. ఇక సున్నా చుట్టిన చోటు. ఆవిడ తప్పిన ఆవర్తనాన్ని మొత్తంగా తీసేశాను. మృదంగం దెబ్బ మీదికి దెబ్బను తెచ్చి అతికించాను. ఎక్కడ కోశానో ఇప్పుడు నాకే వినిపించదు. ఆవిడకి చెప్పకుండా ఒక మేలు చేశాననుకున్నాను. పెద్ద విద్వాంసులకి కూడా అలాంటి మేళ్లు చేశాను, వాళ్లకీ చెప్పలేదు.

చివరి కాపీ, అదే మాస్టరు, మీద సంతకాలయ్యాక ఒక్కో మైకుకీ ఉన్న విడి ట్రాకులు చెరిపి, ఆ డిస్కు తర్వాతి కచేరీకి వాడుకోవడం మా ఆఫీసు పద్ధతి. కావాలంటే ఉంచుకోవచ్చు, ఒక కాగితం రాయాలి.

"ఇయ్యి ఉంచుదామా సార్?" అని అడిగింది అమ్మాయి.

"ఎందుకు? ఉండాల్సిందంతా మాస్టర్లో ఉందిగా," అన్నాను.

కాపీ పంపితే ఆవిడ ఫోన్ చేసింది. "చాలా క్లీన్‌గా ఉంది అంకుల్," అని ఒక్క క్షణం ఆగి, థాంక్యూ చెప్పి పెట్టేసింది. దాన్నీ నేను పొగడ్తగానే తీసుకున్నాను.

మరుసటి ఏడాది వానాకాలంలో సుబేదారుగారు పోయారని తెలిసింది. నెల దాటాక ఒక ఆదివారం ఆవిడ ద్వారక నుంచి మెట్రోలో మా ఇంటికి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. మా ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే అడిగింది.

"అంకుల్, మీ దగ్గర ఎడిటింగ్ కాకముందుది ఉందా? ఆ కచేరీది?"

"ఎందుకమ్మా?"

"కాంభోజి నెరవల్‌లో నాన్న 'భలే' అన్నారు." ఆ మాట చెప్పి నా మొహంలోకి చూసింది, నేను నమ్ముతానో లేదో అన్నట్టు. "నిజంగా అన్నారు అంకుల్. నలభై రెండేళ్లకి ఫస్ట్ టైమ్. నాకు గొంతు పట్టేసింది, అందుకే ఆగిపోయా. మీరిచ్చిన దాంట్లో ఆ మాట లేదు. సరే, మైక్‌కి దూరంగా కూర్చున్నారు కదా అనుకున్నా. కానీ నేను ఆగింది కూడా లేదు. మధ్యలో గ్యాపే లేదు. ఇప్పుడు రాత్రీపగలూ అదే వింటున్నా. అసలు నేను ఆగానా? నాన్న అన్నారా? మన్‌గఢంత్ కథేమో, నేనే అల్లుకున్నానేమో అనిపిస్తోంది. అడుగుదామంటే నాన్న లేరు."

మా ఆవిడ కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. మైకులకి అందలేదమ్మా అని ఒక్క మాటతో నేను తప్పించుకోవచ్చు. అది సగం నిజం కూడా. నోటి దాకా వచ్చింది. మా ఆవిడ చూస్తోందని ఆగానో, ఆ పిల్ల మొహం చూసి ఆగానో చెప్పలేను.

"నువ్వు ఆగావమ్మా. ఒక ఆవర్తనం పూర్తిగా ఆగావు. సాహిత్యం మరిచిపోయావనుకుని నేనే కోసేశాను," అన్నాను.

ఆవిడ నేను అనుకోని విధంగా నవ్వింది.

"ఆ రోజు కార్లో నాన్న ఏమన్నారో తెలుసా అంకుల్? 'ఒక్క మాటన్నానని పాట వొదిలీస్తావేటి? అందుకే ఇన్నాళ్లూ అన్లేదు' అన్నారు." నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మీరూ నాన్నా సేమ్ టు సేమ్. తప్పు దొరికితే వదలరు."

ఆ మాటకి కోపం కలిపి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

"ఇంకే మైక్‌లోనైనా పడి ఉంటుందా?" అంది.

"ఒకదాంట్లో పడి ఉండొచ్చు."

"అది?"

"చెరిపేశాం," అన్నాను. చెరిపేశాను అనలేదు. అంత నిజం చెప్పినవాణ్ణి ఆ ఒక్క అక్షరం దగ్గర ఆఫీసు చాటుకి వెళ్లి దాక్కున్నాను.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి ఆ కరీంనగర్ అమ్మాయితో కలిసి ఉన్న డిస్కులన్నీ వెతికాను. ఆ డిస్కు మీద అప్పటికి నాలుగైదు కచేరీలు ఎక్కేశాయి. "లేదు సార్," అంది. ఉంచుదామా అని తను అడిగిన సంగతి గుర్తు చేయలేదు. జనం వైపు మైకుల సంగతీ ఎత్తలేదు. తిడితే పడదామని తయారై వెళ్లినవాడికి ఆ మర్యాద మహా కష్టంగా ఉంటుంది. గాయనికి ఫోన్ కలిపి అమ్మాయి చేతికే ఇచ్చాను. "అన్నరు మేడమ్. నేనక్కడనే ఉన్న. మాట సాఫ్ వినలే గాని, మీరాగింది ఆయన అన్నంకనే. అందరు తిరిగి చూసిన్రు," అని చెప్పింది. అటువైపు నుంచి ఏడుపు వినిపించింది. ఆ రోజు ఆవిడకి నేను ఇవ్వగలిగింది ఆ సాక్ష్యం ఒక్కటే, అది కూడా నాది కాదు.

హైపర్‌కార్డియాయిడ్ వాడొద్దని చెప్పడానికి ఇదంతా రాస్తున్నాననుకోకండి. స్పీకర్లు గోలపెట్టే హాల్లో దానికి మించింది లేదు, నేనైతే మళ్లీ అదే పెడతాను. మైకుదేం తప్పు లేదు, వినొద్దన్న చోట అది వినలేదు. జనం వైపు రెండు మైకులు పెట్టండి, విడి ట్రాకులు చెరపకండి అని ఏ పుస్తకంలో చూసినా ఉంటుంది. నేను చెప్పేదల్లా, కుర్చీ జరిపే ముందు అందులో కూర్చున్న మనిషెవరో, పాడే మనిషికి ఏమవుతాడో ఒకసారి అడగండి. నేను అడక్కుండానే ఆ పిల్ల చెప్పింది. 'చలో, నెక్స్ట్' సంగతి విని నవ్వానని చెప్పాను కదా. విన్నాను గాని చెవిన పెట్టుకోలేదు.

పోయిన చలికాలం అదే గాయనిది నోయిడాలో కచేరీ. రికార్డు చేసేది ఆ కరీంనగర్ అమ్మాయే, ఇప్పుడు ఆఫీసులో నా కుర్చీ తనదే. "సార్, మీరు రావాలె," అని ఫోన్ చేసింది. వెళ్లాను. వేదిక మీద అవే హైపర్‌కార్డియాయిడ్ మైకులు. వాటితోపాటు, ముందు అంచున ఎత్తైన స్టాండ్ల మీద రెండు మైకులు హాలు వైపుకి, మా మొహాల్లోకి చూస్తూ ఉన్నాయి. వాటిని పెట్టింది తనే. మూడో వరసలో కూర్చున్నాను.

గాయని కాంభోజి ఎత్తుకుంది. అదే కీర్తన, అదే పాదం. పై షడ్జం మీద నిలిచి, అదే పొడుగాటి సంగతితో దిగి తాళం ఎత్తుగడకు వచ్చి వాలింది. ఆగింది. ఈసారి గొంతు పట్టేసి కాదు, కావాలనే. కళ్లు మూసుకుని, చేత్తో తాళం వేస్తూ, పాడకుండా కూర్చుంది. ఆ ఒక్క ఆవర్తనాన్ని ఇప్పుడు ప్రతి కచేరీలోనూ అలాగే ఖాళీగా వదిలేస్తోందని తర్వాత తెలిసింది. మృదంగం మెల్లగా నడుస్తోంది. ఆ చోట ఎవరో ఒకరు ఆ మాట అనాలి. అది ఏ మాటో ఆ హాల్లో తెలిసినవాళ్లం ఇద్దరమో ముగ్గురమో. అనగలిగినంత దగ్గరలో ఉన్నది నేనొక్కణ్ణే. మైకులు వింటున్నాయి.

నోరు తెరిచాను. కచేరీ జరుగుతుంటే చప్పుడు చేయకూడదని ముప్పై ఏళ్లు నేర్చుకున్న ఒళ్లు. ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నానని అప్పుడు తెలిసింది. ఆవర్తనం అయిపోయింది. ఆవిడ కళ్లు తెరిచి పాట అందుకుంది.

ఆ రికార్డింగు కాపీ అమ్మాయి నాకు పంపించింది, ఏమీ కోయకుండా. ఆ ఎనిమిది సెకన్లు చాలాసార్లు విన్నాను. మృదంగం ఉంది, వయొలిన్ ఉంది, వెనక వరసలో ఎవరిదో దగ్గు స్పష్టంగా ఉంది. నేను లేను.